వెల్ల కింది బొమ్మలు: శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక దినం

ఇద్దరు మిత్రులు ఒక మహానగరాన్ని ఒక్క దినంలో తిరిగి చూడడం మన సాహిత్యానికి కొత్త కాదు. క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులు తిరుగుతారు. వారు చూసిన వింతలలో మాచల్దేవి ఇంటి చిత్రశాల ఒకటి. తరగతిలో ఆ కావ్యం ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఆ చిత్రశాల సంగతి చెప్పి, మిగిలినదంతా దాటవేసేవాణ్ణి. చదివినవారికి కారణం తెలుసు.

2023 వేసవిలో నేనూ మా డ్రాయింగు మాష్టారూ శాన్‌ఫ్రాన్సిస్కోలో అలాగే ఒక దినం తిరిగాము. మంచనశర్మ రసికత నాకు లేదు, సెట్టిగారి డబ్బు ఆయనకు లేదు. ఇద్దరమూ విశ్రాంత ఉపాధ్యాయులము. కన్నబిడ్డల దగ్గరికి వెళ్ళి, మనుమల బడివేళలకు కట్టుబడి కాలక్షేపం చేస్తున్నవాళ్ళము. నేను ఫ్రీమాంటులో మా అమ్మాయి ఇంట ఉంటే ఆయన పక్కనే యూనియన్ సిటీలో కొడుకు ఇంట ఉన్నారు. దివిసీమలో ఒకే ఉన్నత పాఠశాలలో ఏడేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళము, నలభై ఏళ్ళ తరువాత భూగోళానికి ఆవలి పక్కన రెండు రైలు స్టేషన్ల దూరంలో పడ్డాము.

ఒకనాటి సాయంత్రం ఆయన ఫోను చేశారు. "పంతులుగారూ, ఆ ఎర్ర వంతెన ఎవరైనా చూస్తారు. మనం గోడలు చూసి వద్దాం రండి" అన్నారు. గోడలలో చూసేదేముందన్నాను. "ఆ మాట మీరు అనకూడదు" అన్నారు ఆయన. ఎందుకు అనకూడదో నాకు తెలుసు. ఆయన అది మనసులో పెట్టుకొని అన్నారో లేదో తెలియలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

రైలు దిగి మొదట వెళ్ళింది రింకన్ సెంటరు అనే భవనానికి. అది 1940లో తపాలా కార్యాలయంగా కట్టినది. లోపలి గోడల పైభాగాన వరుసగా 27 ఫలకాలు. మాస్కోలో పుట్టి అమెరికాకు వచ్చిన ఆంటన్ రెఫ్రెజియర్ అనే చిత్రకారుడు 1941లో వీటిని మొదలుపెట్టాడు. నడుమ యుద్ధం వచ్చింది. ముగిసేసరికి 1948 అయింది. ప్రభుత్వం కోరినది కాలిఫోర్నియా చరిత్ర. ఆయన చరిత్రే వేశాడు. అయితే చరిత్ర అనగానే పెద్దలు కోరుకొనేది ఒకటి, జరిగినది ఒకటి. రైలుమార్గం వేస్తున్న చైనా కూలీలున్నారు. మరొక ఫలకంలో అదే చైనావారిని వీధిలో కొడుతున్న గుంపు ఉంది. 1877 జూలైలో ఆ నగరంలో నిజంగా జరిగిన దొమ్మీ అది. 1934నాటి రేవు కార్మికుల సమ్మె ఉంది. వలస వచ్చిన మార్గదర్శకులు కండలు తిరిగిన వీరులుగా కాక, బక్కచిక్కిన బాటసారులుగా ఉన్నారు. వారి వంశీకులకు కోపం రావడానికి అది చాలు.

ఈ బొమ్మలను తీసివేయాలని హ్యూబర్ట్ స్కడర్ అనే కాంగ్రెసు సభ్యుడు తీర్మానం పెట్టగా, 1953 మే 1న వాషింగ్టనులో విచారణ జరిగింది. బొమ్మలలో కమ్యూనిజం ఉన్నదనీ, పూర్వులను అవమానించాయనీ అభియోగం. గోడ మీది రంగులను నేరస్థులవలె విచారించిన సభ అది. శాన్‌ఫ్రాన్సిస్కో కళాప్రదర్శనశాలల అధికారులు బొమ్మల పక్షాన మాట్లాడారు. తీర్మానం వీగిపోయింది.

తీర్మానం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మాష్టారు తల పైకెత్తి, మెడ నొప్పి పుట్టేదాకా, చైనావారి ఫలకాన్నే చూస్తున్నారు.

"వీథి బొమ్మలని చెప్పి ఇంట్లోవి చూపిస్తున్నారేమండీ?" అన్నాను బయటికి వచ్చాక.

"ఏరు చూడాలంటే ముందు దాని పుట్టుక చూడవద్దూ? ఇంకొకటి ఉంది" అన్నారు.

ఆ ఇంకొకటి టెలిగ్రాఫ్ కొండ మీది కోయిట్ టవరు. మా మోకాళ్ళు కొండ ఎక్కే స్థితిలో లేవు గనుక కారు మాట్లాడుకొని వెళ్ళాము. లిల్లీ హిచ్‌కాక్ కోయిట్ అనే సంపన్నురాలు నగర సౌందర్యం కోసమని వీలునామాలో వదిలిన ధనంతో 1933లో కట్టిన 210 అడుగుల గోపురం అది. మరుసటి ఏడు, ఆర్థిక మాంద్యంలో పనిలేక ఉన్న చిత్రకారులకు ప్రభుత్వం కూలి ఇచ్చి, దాని లోపలి గోడల మీద బొమ్మలు వేయించింది. దాదాపు పాతికమంది వేశారు. మేస్త్రీలకూ వడ్రంగులకూ ఇచ్చినట్లే చిత్రకారులకూ వారం కూలి ఇవ్వడమన్నది నాకెంతో నచ్చింది. మన రాజులు అగ్రహారాలిచ్చారు, నిజమే. కాని అగ్రహారం పుచ్చుకొన్నవాడు రాజును గురించి ఏమి రాస్తాడో మనకు తెలుసు.

ఈ కూలి పుచ్చుకొన్నవారు మాత్రం ఊరుకోలేదు. వారికి గురుస్థానీయుడు మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా. మెక్సికోలో విప్లవం ముగిసినాక, 1920ల తొలినాళ్ళలో, విద్యామంత్రి హోసే వాస్కోన్సెలోస్ చదువురాని ప్రజలకు గోడలే పుస్తకాలు కావాలని ప్రభుత్వ భవనాలను చిత్రకారులకు అప్పగించాడు. రివేరా, ఓరోజ్కో, సికేరోస్ అక్కడ ఎదిగినవారే. ఆ రివేరా 1930–31లో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి బొమ్మలు వేశాడు. స్థానికులు ఆయన దగ్గర తడి సున్నం మీద వేసే విద్య నేర్చుకొన్నారు. తరువాత న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ భవనంలో ఆయన వేస్తున్న బొమ్మలో లెనిన్ ముఖం ఉన్నదని 1933లో పని ఆపించి, 1934 ఫిబ్రవరిలో ఆ గోడనే పగలగొట్టించారు. సరిగా అప్పుడే ఇక్కడ గోపురంలో పని సాగుతున్నది. ఈ చిత్రకారులు ఆగ్రహించి, ఆ వార్తను తమ బొమ్మలోనే ఎక్కించారు. బెర్నార్డ్ జాకైమ్ వేసిన గ్రంథాలయంలో ఒకడు చదువుతున్న పత్రికలో ఆ శీర్షిక కనిపిస్తుంది. అదే బొమ్మలో మరొకడు చేతిలోని పత్రికను నలిపి, అలమరలోంచి మార్క్సు 'పెట్టుబడి' తీసుకొంటున్నాడు. విక్టర్ ఆర్నాటోఫ్ వేసిన నగరవీథిలో, సందడి మధ్య, ఒక పెద్దమనిషిని తుపాకీ చూపి దోచుకొంటున్నారు. చుట్టూ ఉన్నవారెవరూ పట్టించుకోరు.

ఇంతలో 1934 మేలో రేవు సమ్మె మొదలైంది. జూలై 5న పోలీసు కాల్పులలో ఇద్దరు చనిపోయారు. నగరమంతా సమ్మె కట్టింది. గోపురం నుంచి చూస్తే రేవు కనిపిస్తుంది. అటువంటి వేళ క్లిఫర్డ్ వైట్ అనే చిత్రకారుడు ఒక కిటికీ మీద వేసిన సుత్తీ కొడవలీ గుర్తు బయటపడింది. అధికారులు గోపురానికి తాళం వేశారు. జూలైలో జరగవలసిన ప్రారంభం అక్టోబరుకు వాయిదా పడింది. ఆ గుర్తును చెరిపివేశారు. మిగిలినవి మిగిలాయి. సుత్తీ కొడవలీ చూసినవారికి 'పెట్టుబడి' కనిపించలేదో, కనిపించినా చదవలేదో!

మాష్టారికి రాజకీయం కంటె సున్నం ముఖ్యం. గోడకు చేతివేలి దూరంలో నిలబడి నాకు పాఠం చెప్పారు. "అజంతాలోవి ఆరిన పూత మీద జిగురు రంగులతో వేసినవి. ఇది వేరు. తడి సున్నం పూసి, అది ఆరకముందే రంగు పెట్టాలి. రంగులో జిగురు ఉండదు, నీళ్ళే. సున్నం ఆరేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మళ్ళీ రాయి అవుతుంది. రంగు ఆ రాయిలో ఇరుక్కుపోతుంది. అందుకని ఒక దినంలో ఎంత వేయగలరో అంతమేరకే సున్నం పూస్తారు. అదిగో, ఆ గీత చూడండి. అక్కడికి నిన్నటి పని, ఇక్కడినుంచి ఇవాళటిది."

నేను కళ్ళజోడు సవరించుకొని చూశాను. సన్నని అతుకు కనిపించింది.

"సున్నంతోనే బొమ్మ నిలుస్తుంది. సున్నంతోనే పోతుంది" అన్నారాయన, నవ్వకుండా.

గోపురం ముందు బల్ల మీద కూర్చొని, ఆయన కోడలు కట్టి ఇచ్చిన పులిహోర తింటూ ఉండగా, ఈ ఆర్నాటోఫే వేసిన మరొక బొమ్మ సంగతి వచ్చింది. అది జార్జి వాషింగ్టను పేరిట ఉన్న ఉన్నత పాఠశాలలో ఉంది. మేము అక్కడికి వెళ్ళలేదు, అది పిల్లలు చదివే బడి గనుక. 1936లో వాషింగ్టను జీవితాన్ని ఆయన 13 ఫలకాలుగా వేశాడు. పాఠ్యపుస్తకం దాచినదాన్ని గోడ మీద పెట్టాడు. స్వాతంత్ర్యవీరుడైన వాషింగ్టను ఎస్టేటులో బానిసలు పనిచేస్తున్నారు. పడమరకు సాగుతున్న శ్వేతజాతివారి కాళ్ళ దగ్గర ఒక ఆదివాసి శవం పడి ఉంది. చిత్రకారుని ఉద్దేశం నిందాగర్భమే. కాని రోజూ మెట్లెక్కే నల్లపిల్లవాడికి చిత్రకారుని ఉద్దేశం ఎవరు చెబుతారు? తన తాతను బానిసగానే చూస్తూ తరగతికి పోవాలి. 1960లలోనే విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. దానికి సమాధానంగా డ్యూయీ క్రంప్లర్ అనే నల్లజాతి యువచిత్రకారుని చేత అదే బడిలో వేరే బొమ్మలు వేయించారు. 1974లో అవి పూర్తయ్యాయి.

2019 జూన్‌లో విద్యామండలి ఆర్నాటోఫ్ బొమ్మలపై రంగు పూసివేయాలని ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఖర్చు ఆరు లక్షల డాలర్లకు పైగా అని అంచనా. మా ఊళ్ళో అయితే రెండు బస్తాల సున్నం, ఒక దినం కూలి. దేశమంతా గగ్గోలు పుట్టింది. బొమ్మలు ఉంచాలని గట్టిగా చెప్పినవారిలో ఆ క్రంప్లర్ ఒకరు. తన బొమ్మలు ఆ బొమ్మలతో మాట్లాడుతున్నవి గనుక, ఎదుటివాణ్ణి తీసివేస్తే తన మాటకు అర్థం ఉండదని ఆయన వాదం. ఆగస్టులో మండలి ఒక్క ఓటు తేడాతో మెట్టు దిగి, పూయకుండా పలకలతో కప్పుదామన్నది. పూర్వవిద్యార్థులు న్యాయస్థానానికి వెళ్ళారు. 2021లో ఆ నిర్ణయం చెల్లదని తీర్పు వచ్చింది, 2022లో మండలి వెనక్కు తీసుకొంది. 1953లో కుడిపక్షంవారు చెరపమన్నారు, 2019లో ఎడమపక్షంవారు చెరపమన్నారు అని తేలికగా నవ్వేవారున్నారు. నేను నవ్వలేను. బడి గోడ మీద శవం ఉండవచ్చునా అన్న ప్రశ్నకు ఒకప్పుడు నేనే జవాబు చెప్పి ఉన్నాను.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఏమి చేసిందో ఆ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. పదివేలమందికి పైగా పోయారు. నేను మరుసటి ఏడు అక్కడి బడిలో ఉద్యోగంలో చేరాను. తరగతిలో తల్లి లేనివారు, తోబుట్టువులు లేనివారు ఉండేవారు. హాజరు పట్టీలో కొన్ని పేర్ల మీద ఎర్రగీత. మూడేళ్ళకు, 1980లో, డ్రాయింగు మాష్టారు తొమ్మిదో తరగతి పిల్లలను పెట్టుకొని, రోడ్డు వైపున్న ప్రహరీ గోడ మీద ఆ ఉప్పెనను వేయించారు. ఆయన రూపురేఖలు గీసి ఇవ్వలేదు. ఎవరు చూసినది వారు వేయమన్నారు. ఎర్రమన్ను, పసుపుమన్ను, బొగ్గు, నీలిమందు, తుమ్మబంక. ఆరిన గోడ మీద వేసినవి కదా, ప్రతి వానాకాలానికీ వెలిసేవి. కొత్తగా తొమ్మిదిలోకి వచ్చిన పిల్లలు మళ్ళీ దిద్దేవారు.

1982 వార్షికోత్సవానికి ఒక ప్రముఖుడు వస్తున్నారని తెలిసి ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. శవాల బొమ్మలతో స్వాగతం చెబుతామా అన్నారు ఒకరు. పిల్లలు రోజూ చూడవలసిన దృశ్యాలా ఇవి అన్నారు మరొకరు. ఆ రెండవ మాట అన్నది నేనేనేమో అని నాకు ఇప్పటికీ అనుమానం. స్టాఫు సెక్రటరీని గనుక తీర్మానం నేను రాశాను. "ప్రాంగణ శోభార్థము ప్రహరీ కుడ్యమునకు వెల్ల వేయించుటకు తీర్మానించడమైనది." వాక్యం కుదిరిందని ఆ రోజు సంతోషించినట్లు కూడా గుర్తు. మాష్టారు చెల్లెలి పెళ్ళికి సెలవు మీద ఉన్నారు. తిరిగి వచ్చి, తెల్లని గోడ పక్కగా నడిచి, లోపలికి వచ్చి సంతకం చేశారు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఏళ్ళు గడిచిన కొద్దీ చెప్పడం కష్టమైపోయింది.

మధ్యాహ్నం మళ్ళీ రైలెక్కి 24వ వీథిలో దిగాము. ఇది మిషన్ అనే పేట. మెక్సికో, మధ్య అమెరికా దేశాలవారు ఎక్కువగా ఉన్నచోటు. పొద్దుటినుంచి చూసిన ఏరు ఇక్కడ పల్లానికి దిగి పరుచుకొన్నది. రివేరా విద్య రివేరా జాతివారి వీథులకే తిరిగి వచ్చింది. తడి సున్నం లేదు, ప్రభుత్వ కూలి లేదు. ఇంటి వెనుక కంచెలు, కారు షెడ్ల తలుపులు, వాటిమీద అంగడిలో కొన్న రంగులు. బాల్మీ ఆలీ అనే సందులో 1972 ప్రాంతంలో చుట్టుపక్కల పిల్లలతో కలిసి మొదటి బొమ్మ వేశారు. ఆ మరుసటి ఏడే ఆ సందులో కాపురమున్న పాత్రీసియా రోడ్రీగెస్, గ్రాసియేలా కారీయో అనే చిత్రకారిణులు వేశారు. ఆడవాళ్ళు పరంజా ఎక్కి గోడలు వేయడం అప్పటికి అక్కడా వింతే. 1984లో రే పత్లాన్ పూనికతో ముప్పైమందికి పైగా చేరి, మధ్య అమెరికాలో అమెరికా జోక్యానికి నిరసనగా సందు పొడుగునా నింపారు. చాలావరకు అవి ఇప్పుడు లేవు. వెలిసినచోట కొత్తవి వేశారు. అద్దెలు పెరిగి ఇళ్ళు ఖాళీ చేయవలసి వచ్చినవారి దుఃఖం వచ్చి చేరింది. కొన్ని బొమ్మలలో చనిపోయినవారి ముఖాలున్నాయి. ఆ ముఖాల పక్కనుంచి ఒక చిన్నపిల్ల సైకిలు తొక్కుకొంటూ పోయింది. నేను ఆ పిల్ల కనుమరుగయ్యేవరకు చూశాను.

మాష్టారు బొమ్మల అడుగుభాగాలు వంగి చూస్తున్నారు. "వాన చినుకు పడి చిట్లేది ఇక్కడే. మోకాలెత్తు వరకు మళ్ళీ దిద్దారు, చూడండి. ఈ పచ్చ వేరు, ఆ పచ్చ వేరు."

అక్కడినుంచి తూర్పుగా నడిచి యార్కు వీథి మలుపుకు చేరాము. హువానా అలీసియా అనే ఆవిడ 1983లో ఇక్కడ తోటకూలీ స్త్రీల బొమ్మ వేసింది. ఇరవై ఏళ్ళకు నీరు పట్టి గోడ పాడైతే, 2004లో తన బొమ్మ స్థానంలో తానే మరొకటి వేసింది. అది లా యొరోనా. బిడ్డలను పోగొట్టుకొని నీటి ఒడ్డున ఏడుస్తూ తిరిగే స్త్రీ, మెక్సికో జానపద గాథలోనిది. గోడంతా నీలం. ఆవిడ చుట్టూ నీటి కోసమో, నీటి వల్లనో బాధపడిన స్త్రీలు. బొలీవియావారున్నారు. మరొక పక్కన చీరలు కట్టుకొన్నవారున్నారు. ఎవరా అనుకొన్నాను. నర్మదా లోయవారు! ఆనకట్టకు ఎదురు నిలిచి, మునిగిన ఇళ్ళలో, నీళ్ళలో నిలబడ్డవారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక మూల దుకాణాల నడుమ మన ఆడవాళ్ళు నీళ్ళలో నిలబడి ఉన్నారు. నాకు నోట మాట రాలేదు.

మాష్టారు చాలాసేపటికి, "ఇంత నీలం ఎక్కడ దొరికిందో వీళ్ళకు" అన్నారు.

పద్ధెనిమిదో వీథిలో స్త్రీల భవనం ఒకటి ఉంది. 1994లో ఏడుగురు స్త్రీలు దాని రెండు ముఖాలూ నేల నుంచి కప్పుదాకా నింపారు. వారిలో మీరా దేశాయి అనే మనదేశపు పేరు కూడా ఉంది. కారులోంచే చూశాము. కాళ్ళు సెలవు కోరాయి.

తిరుగు రైలు అఖాతం కిందికి దిగింది. సొరంగంలో చెవులు గింగురుమంటాయి, మాట వినబడదు. అందుకనే ధైర్యం చేశానేమో. "మాష్టారూ, ఆ వెల్ల తీర్మానం రాసింది నేనే" అన్నాను.

ఆయనకు వినబడింది. "తెలుసండీ. 'ప్రాంగణ శోభార్థము' అని మన బడిలో ఇంకెవరు రాస్తారు?" అన్నారు.

రైలు వెలుతురులోకి వచ్చేదాకా ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత ఆయన సంచిలోంచి పులిహోర చుట్టిన కాగితం తీసి, మడతలు సాపు చేసి, ఒక పొడుగాటి గీత గీశారు. దాన్ని గళ్ళుగా విభజించి, ఏ గడిలో ఏమున్నదో చెప్పడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళయినా ఒక్క గడి తప్పిపోలేదు. యూనియన్ సిటీ వచ్చేవరకు చెప్పారు, నేను రాసుకొన్నాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ప్రహరీని కూల్చివేశారు. వెల్ల గీకి చూద్దామన్నా ఇప్పుడు గోడ లేదు. అందువల్ల ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్లు ఇక్కడ పెడుతున్నాను. పిల్లల పేర్లు మాత్రం రాయడం లేదు. వారికిప్పుడు మనుమలు కూడా ఉండవచ్చు.

ఎడమ కొసన తాటిచెట్టు, దాని మట్టలు పట్టుకొని ఇద్దరు. తరువాత బోర్లాపడిన గేదె. గడ్డివామి మీద కోడి, దాని పక్కన ఒక ముసలమ్మ. గుడి, గుడిలో గుమ్మందాకా జనం. తలుపు లేని ఇల్లు, లోపల ఎవరూ లేరు. వరుసగా పడుకొన్నవారు ఎనిమిదిమంది, అందరికీ కళ్ళు మూసి ఉన్నాయి, ఒక్కరికి తెరిచి ఉన్నాయి. అలా వేసిన పిల్ల దిద్దడానికి ఒప్పుకోలేదట. ఆకాశంలోంచి పొట్లాలు వేస్తున్న విమానం. మళ్ళీ ఇల్లు కడుతున్న నలుగురు. ఆ తరువాత సముద్రం రావాలి. కుడి చివర మూడు గజాలు ఖాళీ. అక్కడికి వచ్చేసరికి నీలిమందు అయిపోయింది.